నెల్లూరు, ప్రకాశం కొండల్లో నడిచేవాళ్లు వాతావరణాన్ని ఎలా గమనించాలి, తోటివాళ్లకు ఎలా చెప్పాలి

"ఉదయగిరి దుర్గం ఎక్కడానికి ఏ నెల బాగుంటుంది?" అని కొత్తగా కొండలకు వచ్చేవాళ్లు అడుగుతుంటారు. "వానలు తగ్గాక, అక్టోబరు నవంబరుల్లో రండి" అని ఎవరో ఒకరు చెప్పేస్తారు. హైదరాబాదు చుట్టుపక్కల తిరిగేవాళ్లకు ఆ మాట సరిపోతుంది, మనకు సరిపోదు. నెల్లూరు జిల్లాలో ఏడాదికి పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఈశాన్య రుతుపవనాలే మనకు పెద్ద వానలు. బయటివాళ్లు గొడుగులు మడిచి పెట్టే రోజుల్లో పెంచలకోన వాగు, భైరవకోన జలపాతం ఊపందుకుంటాయి.

ఈ సంగతి తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పాలి. అయితే "కొండమీద వాన పడుతోంది", "క్లైమేట్ సూపర్‌గా ఉంది" అని గ్రూపులో పెడితే చదివినవాళ్లకు ఏమీ తెలియదు. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ దిక్కు నుంచి అనే మూడు సంగతులూ ఉంటేనే, మీరు చూసింది రేపు అదే దారిన వెళ్లే మనిషికి పనికొస్తుంది. ఆ మూడింటినీ పట్టుకోవడం ఎలాగో వరుసగా చెప్తాను.

ముందు మన కాలాలు ఏవో తెలుసుకోండి

ఒక నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీలో ఏడాదిని మన కొండల లెక్కన రాసుకోండి. జనవరి, ఫిబ్రవరి నడకకు అన్నిటికన్నా మంచి నెలలు. వాగుల్లో ఇంకా కాస్త నీళ్లుంటాయి, తెల్లవారుజామున మంచు పట్టినా ఎండ రాగానే విడిపోతుంది. మార్చి నుంచి ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారకముందే మొదలుపెట్టి పదింటికల్లా కిందికి దిగిపోవాలి.

చాలామంది పొరబడేది జూన్ దగ్గర. నైరుతి రుతుపవనాలు వచ్చేశాయని టీవీలో చెప్తారు, పేపర్లో తడిసిన రోడ్ల ఫొటోలు వస్తాయి. నెల్లూరు, ఒంగోలుల్లో మాత్రం వడగాలి తగ్గదు. పడమర నుంచి వచ్చే ఆ గాలి తన తేమలో చాలా భాగం పశ్చిమ కనుమల దగ్గరే వదిలేస్తుంది. రాయలసీమ మీదుగా వచ్చి వెలిగొండలు దాటి మన వైపు దిగేసరికి పొడిగా, వేడిగా తయారవుతుంది. పడమటి గాలి గట్టిగా వీచే రోజు మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి రాలేదు. ఆ రోజు కావలిలో ఉన్నా ఉదయగిరిలో ఉన్నా మాడిపోవడమే. కాబట్టి "రుతుపవనాలు వచ్చాయి కదా" అన్న ధైర్యంతో జూన్‌లో మిట్టమధ్యాహ్నం కొండ ఎక్కకండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా పగలు ఉక్కపోత, సాయంత్రం ఉరుములు. ఆ ఉరుముల మబ్బు ఎక్కువగా పడమట పుట్టి మన మీదికి వస్తుంది. అక్టోబరు మూడో వారం ప్రాంతంలో గాలి తిరుగుతుంది. అక్కడి నుంచి డిసెంబరు దాకా వాన తూర్పు నుంచి, సముద్రం మీద నుంచి వస్తుంది. తీరం వెంట అది రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువగా కురుస్తుంది. ఒంగోలు నుంచి పడమటికి, మార్కాపురం, గిద్దలూరు వైపు పోయేకొద్దీ నైరుతి వాటా పెరుగుతుంది. అందుకే నల్లమల అంచున తిరిగేవాళ్ల క్యాలెండరు, పెంచలకోన వెళ్లేవాళ్ల క్యాలెండరు ఒకటి కావు. మీది ఏదో ముందే రాసి పెట్టుకోండి.

అదే పేజీలో కార్తెలు కూడా రాయండి. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు ఉంటుంది. సూర్యుణ్ణి బట్టి వస్తాయి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలు: రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో, చిత్త అక్టోబరు 10 దాటాక. రోహిణిలో రోళ్లు పగులుతాయన్న మాట మనకు తెలిసిందే. కొండ కింద ఊళ్లలో పెద్దవాళ్లు వానల్ని ఈ పేర్లతోనే గుర్తుపెట్టుకుంటారు. "పెద్దాయనా, పోయిన చిత్తలో ఈ వంక పారిందా?" అని అడిగితే వెంటనే జవాబొస్తుంది. "అక్టోబరు రెండో వారంలో" అంటే కాసేపు ఆలోచించాల్సి వస్తుంది.

బయల్దేరే ముందు రోజు

అమరావతి వాతావరణ కేంద్రం ఇచ్చే జిల్లాల వారీ హెచ్చరికలు చూడండి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోవాలని. నడకకు సంబంధించినంతవరకూ నారింజ కనిపిస్తే ఆపేయడమే నా సలహా. "భారీ వర్షం" అన్న మాటకు ఒక లెక్క ఉంది: 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. 204.4 దాటితే "అత్యంత భారీ". ఈ లెక్క ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా కడతారు. ఇది తెలియకపోతే నిన్న రాత్రి వానను ఈరోజు వానగా చదువుకునే ప్రమాదం ఉంది.

ఫోన్‌లో మౌసం, దామిని యాప్‌లు పెట్టుకోండి. దామిని దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెప్తుంది. శ్రీహరికోట, చెన్నై, మచిలీపట్నం రాడార్ల బొమ్మలు మన రెండు జిల్లాలకూ పనికొస్తాయి. ఒక్క బొమ్మ చూసి వదిలేయకండి. గంటసేపటి బొమ్మలు వరసగా చూస్తే మబ్బు ఎటు జరుగుతోందో తెలుస్తుంది, మీకు కావలసింది అదే.

రాత్రి చంద్రుడు ఉంటే ఒకసారి బయటికి వచ్చి చూడండి. చుట్టూ పెద్ద వలయం, అంటే వరదగుడి కట్టి ఉంటే బాగా ఎత్తులో పల్చటి మంచు మబ్బు పరుచుకుందని అర్థం. సముద్రంలో అల్పపీడనం ఉన్నప్పుడు దానికి ముందుగా వచ్చే మబ్బు చాలాసార్లు ఇదే. చంద్రుడికి అంటుకున్నట్టు చిన్న వలయం ఉంటే అది వేరే రకం, తక్కువ ఎత్తులో ఉన్న నీటిబిందువుల మబ్బు. దూరపు గుడికి దగ్గర వాన, దగ్గర గుడికి దూరపు వాన అని పెద్దలు అనే మాటలో ఈ తేడా ఉంది. వలయం కనిపించినంత మాత్రాన వాన ఖాయం అనుకోవద్దు. నోటుబుక్కులో రాయండి, పొద్దున వార్తలతో సరిచూడండి.

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య "బంగాళాఖాతంలో అల్పపీడనం" అన్న మాట వింటే ప్రయాణం వాయిదా వేయండి. కోనల్లోకి అసలు పోవద్దు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు దగ్గర జాతీయ రహదారినీ రైలు పట్టాలనూ కోసేసింది. ఆ నీళ్లలో చాలా భాగం మన వైపు పడ్డ వాన కాదు. కొండలకు అవతల, కడప, చిత్తూరు వైపు కురిసి పెన్నాలో, సోమశిలలో చేరి ఇటు వచ్చింది. నది విషయంలో జరిగింది వాగు విషయంలోనూ జరుగుతుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కోన మొదట్లో వాన పడితే మీ కాళ్ల దగ్గరికి వరద వస్తుంది.

ఇంకో రెండు పనులు. వెలిగొండలు ఎర్రచందనం అడవులు, పెనుశిల నరసింహ అభయారణ్యం కూడా అక్కడే ఉంది. గుడి దారి దాటి అడవిలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. ఇంట్లో ఒకరికి ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి దిగుతారో చెప్పి వెళ్లండి.

కొండ కింద ఆగి చూడండి

బండి దిగగానే నడక మొదలుపెట్టకండి. పది నిమిషాలు నిలబడండి. కాస్త ఎండుమట్టి గుప్పిట్లోంచి వదిలితే గాలి ఎటు పోతోందో తెలుస్తుంది. రాసేటప్పుడు మాత్రం గాలి ఎటు నుంచి వస్తోందో అదే రాయాలి. తూర్పు గాలి అంటే తూర్పు నుంచి వచ్చే గాలి. ఇద్దరు రెండు రకాలుగా రాస్తే గ్రూపులో నోట్లన్నీ తలకిందులవుతాయి.

తర్వాత మబ్బు. జూలై–సెప్టెంబరుల్లో పడమర వైపు, అక్టోబరు దాటాక తూర్పు వైపు ఎక్కువసేపు చూడండి. పదకొండు గంటలకే వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా పెరుగుతున్న తెల్ల మబ్బు ఉంటే సాయంత్రానికి ఉరుములు రావచ్చు. దాని తల చదునుగా పరుచుకోవడం మొదలైతే అది ఇప్పటికే గాలివాన అయిందన్నమాట. ఈశాన్య కాలంలో ఇలాంటి ఎత్తైన మబ్బు కనిపించకుండానే కొండ తల మూసుకుపోతుంది. ఒకే బూడిద రంగు మోడం, సన్నటి తుప్పర, గంటల తరబడి ముసురు. చూడటానికి భయం అనిపించదు కాబట్టే అది ఎక్కువ ప్రమాదం. బండరాళ్లు నాచుపట్టి జారతాయి, వాగు మెల్లగా పెరుగుతుంది.

ఎత్తు లెక్క కూడా చూసుకోండి. పైకి పోయేకొద్దీ గాలి ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. ఉదయగిరి దుర్గం సముద్రమట్టానికి దాదాపు మూడువేల అడుగులు. అంటే పైన తీరం కన్నా ఆరు డిగ్రీల దాకా తక్కువ ఉండొచ్చు. వేసవిలో ఈ లెక్కను నమ్ముకుని పోవద్దు. చెట్టు లేని బండలు పొద్దున తొమ్మిదికే కాలడం మొదలవుతుంది, కోట గోడ పక్కన నిలబడితే ఆ వేడి నేరుగా ఒంటికి తగులుతుంది.

నడుస్తుండగా ఉన్నట్టుండి చల్లటి ఈదురుగాలి, దాంతోపాటు తడిమట్టి వాసన వస్తే వాన నిమిషాల్లో ఉందని అర్థం. మెరుపు కనిపిస్తే ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. ముప్పైలోపు వినిపిస్తే కొండకొమ్ము, కోట గోడ, ఒంటిచెట్టు వదిలేసి కిందికి రండి. ముఖ్యంగా తాటిచెట్టు కింద నిలబడొద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ పైకి పోవద్దు.

వాగు దగ్గర చేయవలసిన పని

ఈ ఒక్క పని అలవాటైతే చాలు, మిగతా సగం మర్చిపోయినా పరవాలేదని నా అభిప్రాయం. దాటే ముందు నీటి అంచున కదలని పెద్ద రాయిని ఒకదాన్ని ఎంచుకోండి. నీళ్లు దాని మీద ఎక్కడిదాకా ఉన్నాయో ఫొటో తీయండి. బండ మీద సున్నపుముక్కతో చిన్న గీత గీసినా సరే. పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. గీత మునిగితే దాటకండి, అవతల ఉన్నవాళ్లను వెంటనే ఇవతలికి పిలవండి.

గీత మునగకపోయినా మరో మూడు చూడండి. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడటం. ఎండుటాకులు, పుల్లలు, నురగ గుంపులుగా కొట్టుకురావడం. పై నుంచి వచ్చే శబ్దం మారడం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా పైన వరద బయల్దేరిందని అనుకోవాలి. జలపాతం కింది గుండంలో స్నానం చేసేవాళ్లకు నీళ్ల హోరులో ఇవేవీ వినిపించవు. ఒకరు గట్టున నిలబడి పై వైపే చూస్తూ ఉండాలి. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు.

మేకలు తోలుకుపోయేవాళ్లు ఎదురైతే తప్పకుండా ఆగి మాట్లాడండి. "అన్నా, నిన్న రాత్రి పైన వాన పడిందా? ఏ వైపు?" అని అడగండి. రాడార్‌లో తెలియని సంగతి వాళ్ల దగ్గర తెలుస్తుంది. వాళ్లు "పోవద్దు" అంటే వెనక్కి తిరగండి.

నోటు ఇలా రాయండి

కొండ దిగాక గుర్తు తెచ్చుకుని రాసే నోటులో సగం ఊహ కలుస్తుంది. అక్కడే, నిలబడే రాయండి. నమూనాకు ఒకటి:

"భైరవకోన దారి, రెండో వాగు దాటే చోటు. నవంబరు, స్వాతి కార్తె. ఉదయం 7:10. తూర్పు గాలి, చిన్న కొమ్మలు కదిలేంత. తూర్పున కింది మబ్బు, కొండ తల కనిపించడం లేదు. నేల తడి, రాత్రి వాన పడినట్టుంది. వాగు తేటగా, నల్లరాయి సగం దాకా. 8:40: అదే రాయి మునిగింది, నీళ్లు ఎర్రగా ఉన్నాయి. దాటలేదు."

చదివినవాళ్లకు అక్కడ నిలబడ్డట్టే తెలుస్తుంది. "రాత్రి వాన పడినట్టుంది" అన్నది చూసింది కాదు, అనుకున్నది. అది మాటలోనే తెలిసేలా రాశాం. మేకలాయన చెప్పింది ఉంటే "విన్నది" అని పక్కన పెట్టండి. "మోకాలి లోతు" అని రాస్తే ఎవరి మోకాలో తెలియదు, రాయి గుర్తు అందరికీ ఒకటే.

కొండ కింది ఊళ్లో మీకు తెలిసినవాళ్ల ఇల్లు ఉంటే అక్కడ ఒక వానకొలత పెట్టమని అడగండి. పక్కలు నిటారుగా ఉన్న రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, ఆ ముక్కను గరాటులా తలకిందులుగా అందులోనే పెట్టాలి. అడుగు చదునుగా ఉండదు కాబట్టి కొన్ని గులకరాళ్లు వేసి, పక్కలు నిటారుగా మొదలయ్యేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టండి. పైకి స్కేలు అతికించండి. చెట్టుకు, చూరుకు దూరంగా, పడిపోకుండా ఇటుకల మధ్య పెట్టాలి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి రాసుకుని, మళ్లీ సున్నా దాకా తీసుకురావాలి. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. ఆ లెక్కన చూస్తే చిన్న అంకె కూడా కోన మొత్తం మీద ఎంత నీరో అర్థమవుతుంది.

గ్రూపులో పెట్టేటప్పుడు

మొదటి లైన్‌లోనే చోటు, తేదీ, సమయం ఉండాలి. ఫొటో పెడితే ఏ దిక్కుకు తిరిగి తీశారో రాయండి. తుపాను రోజుల్లో ఎప్పటివో, ఎక్కడివో వీడియోలు తిరుగుతుంటాయి. మీరు తీయని వీడియోను నడక గ్రూపులో పెట్టవద్దు. ఎవరైనా ఇరుక్కున్నారని తెలిస్తే గ్రూపులో చర్చ పెట్టకుండా ముందు 112కి ఫోన్ చేయండి.

ఏమీ జరగని రోజు నోటు కూడా పంపండి. దీన్ని చాలామంది పట్టించుకోరు. వాగు పొంగిన రోజు అందరూ రాస్తారు, ఎండిన రోజు ఎవరూ రాయరు. "పెంచలకోన, ఏప్రిల్, నీళ్లు లేవు, వెంట తెచ్చుకున్నవే తాగాం" అన్న ఒక్క లైన్ మర్నాడు పిల్లలతో వచ్చేవాళ్లకు రెండు సీసాలు ఎక్కువ తెచ్చుకోమని చెప్తుంది.

పక్షి గూళ్లు ఉన్న చెట్లు, ఎర్రచందనం చెట్లు ఎక్కడున్నాయో లొకేషన్ పెట్టకండి.

కాలం మారడాన్ని పట్టుకోవాలంటే

వానా ఎండా ఒక్క రోజు సంగతులు. కాలం మారడం చెట్ల మీద, పురుగుల మీద బాగా తెలుస్తుంది. మీరు తరచూ వెళ్లే దారిలో ఒక మోదుగ, ఒక బూరుగ, ఒక రేల చెట్టును ఎంచుకోండి. బూరుగ, మోదుగ ఆకు రాల్చి ఎర్రగా పూస్తాయి, మోదుగ ఫిబ్రవరి, మార్చిల్లో అడవి అంచును వెలిగిస్తుంది. ఉగాదికి వేపపూత. ఎండలు ముదిరాక రేల పసుపు గుత్తులు. ప్రతి చెట్టుకూ మూడు తేదీలు రాయండి: మొదటి పువ్వు చూసిన రోజు, చెట్టంతా పూసిన రోజు, పువ్వులు రాలిపోయిన రోజు. చూడటానికి వెళ్లని వారాలు కూడా రాసి పెట్టుకోవాలి. లేకపోతే "మొదటి పువ్వు" అన్నది మీరు మొదటిసారి వెళ్లిన రోజు మాత్రమే అవుతుంది.

తొలకరి పడ్డాక నేలమీద ఆరుద్ర పురుగులు ఎర్రటి ముఖమల్ గింజల్లా కనిపిస్తాయి. ఆ తేదీ తప్పకుండా రాయండి, వంగి చూడండి, పట్టుకోకండి. మొదటి గట్టి వాన తర్వాత సాయంత్రం దీపాల చుట్టూ ఉసిళ్లు లేచిన రోజు కూడా రాయండి. కొండ దిగి సూళ్లూరుపేట వైపు వెళ్తే నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో ఫ్లెమింగోలు ఎప్పుడు దిగాయో చూడొచ్చు. ఆ ప్రాంతం 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నా పిట్టలు వచ్చేది ఈ ఈశాన్య వానల్ని నమ్ముకునే. చెరువు నిండని ఏడాది గూళ్లు తగ్గుతాయి.

రెండేళ్ల నోట్లు చూసి "కాలం మారిపోయింది" అని రాయకండి. వాతావరణ శాఖ "సాధారణం" అని చెప్పే అంకెలు కనీసం 30 ఏళ్ల సగటు. మీ నోటుతో తేల్చగలిగింది వేరే ఉంది: ఎంత వానకు ఏ వాగు ఎన్ని గంటల్లో పెరిగింది, ఏ దారి ఎన్ని రోజులకు ఆరింది, ఏ చెలమలో ఏ నెల దాకా నీళ్లున్నాయి. ఇవి ఏ యాప్‌లోనూ దొరకవు.

అందుకే ఏటా జనవరిలో, వానలు తగ్గాక, గ్రూపువాళ్లందరూ ఒక పూట కూర్చుని నోట్లన్నీ దారుల వారీగా విడదీయండి. ఒక్కో దారికి ఒక్క కాగితం చాలు. వాగులు దాటే చోట్లు, గుర్తుపెట్టుకున్న రాళ్లు, పోయిన ఏడాది అవి మునిగిన తేదీలు, ఆ ఉదయం వానకొలతలో ఉన్న అంకె. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి ఒక కాపీ కొండ కింద టీ కొట్టులో ఇవ్వండి, ఇంకొకటి వానకొలత చూసే ఇంటివాళ్లకు ఇవ్వండి. పైన ఏ నంబరుకు ఫోన్ చేస్తే ఆ ఉదయం అంకె చెప్తారో, వాళ్లు ఒప్పుకుంటేనే, పెద్ద అక్షరాలతో రాయండి.